కడుపునొప్పి తాళలేక

జిల్లా పేజీలో ఆ వార్తకి నాలుగు లైన్ల కంటే ఎక్కువ చోటు దొరకదు. 'కడుపునొప్పి తాళలేక వివాహిత ఆత్మహత్య'. జమ్మలమడుగు, ముద్దనూరు, మైలవరం, కొండాపురం - ఊరి పేరు మారుతుంది. వయసు ఒకసారి 22, ఒకసారి 35. మిగతా వాక్యం మారదు. 'గత కొంతకాలంగా కడుపునొప్పితో బాధపడుతున్న' ఆమె 'జీవితంపై విరక్తి చెంది' 'బలవన్మరణానికి పాల్పడింది'. 'భర్త ఫిర్యాదు మేరకు కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నట్లు ఎస్సై తెలిపారు'. అంతటితో అయిపోతుంది. ఆ దర్యాప్తులో ఏం తేలిందో చెప్పే రెండో వార్త నేను ఎప్పుడో గానీ చూడలేదు.

కవితకీ కథకీ ఉన్నట్టే ఈ నాలుగు లైన్లకీ ఒక శిల్పం ఉంది, ఒక సంప్రదాయం ఉంది, చెప్పే గొంతు ఉంది. మనం కథల్ని, నవలల్ని స్త్రీల కళ్ళతో చదవడం మొదలుపెట్టి నలభై ఏళ్ళు దాటింది. తెలుగులో స్త్రీ చావు గురించి అందరికంటే ఎక్కువగా రాస్తున్న ఈ ప్రక్రియని మాత్రం ఎవరూ విమర్శకి పెట్టలేదనిపిస్తుంది. రోజూ ఉదయం కాఫీతోపాటు చదివి పక్కన పడేసే సాహిత్యం కదా!

ముందు కర్త ఎవరో చూడండి. 'వివాహిత'. ఆమె కూలికి పోతుందో, బీడీలు చుడుతుందో, మగ్గం పక్కన కూర్చుని కండెలు చుడుతుందో, చీనీతోటకి నీళ్ళు కడుతుందో మనకి తెలియదు. పెళ్ళయిందన్న ఒక్క సంగతే ఆమె వృత్తి, ఊరు, గుర్తింపు. తర్వాత 'తాళలేక'. నొప్పిది తప్పు కాదు, తట్టుకోలేకపోవడం ఆమె తప్పు. తర్వాత 'పాల్పడింది'. తెలుగులో దొంగతనానికి పాల్పడతారు, అఘాయిత్యానికి పాల్పడతారు. ఇక కథ చెప్పేవాళ్ళు - భర్త, మామ, మరిది, ఎస్సై. నాలుగు లైన్లలో నలుగురు మాట్లాడతారు, ఆమె ఒక్కతే మాట్లాడదు.

అదే పేజీలో పక్క కాలంలో 'అప్పుల బాధ తాళలేక రైతు ఆత్మహత్య' అని ఉంటుంది. అక్కడ కూడా 'తాళలేక' ఉంది. కానీ అతనికి ఒక వృత్తి ఉంది. అతని బాధకి బయట ఒక కారణం ఉంది - వాన, బోరు, వడ్డీ, ధర. ఎన్ని ఎకరాలు, ఏం పంట, ఎంత అప్పు అన్నీ రాస్తారు. అతని చావుకి ఒక సమాజం ఉంది. ఆమె చావుకి కడుపు మాత్రమే ఉంది.

ఈ మాట అబద్ధమని అందరికీ తెలుసు. చెప్పే భర్తకి తెలుసు, రాసుకునే రైటర్‌కి తెలుసు, వార్త పంపే కంట్రిబ్యూటర్‌కి తెలుసు. పెళ్ళయిన ఏడేళ్ళలోపు ఆడమనిషి చనిపోతే శవపంచాయితీ తీరు వేరుగా ఉంటుంది. 1983లో వచ్చిన 498ఏ, 1986లో వచ్చిన 304బి ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 85, 80 సెక్షన్లుగా ఉన్నాయి. కడుపునొప్పి వాటికి అడ్డుగోడ. పుట్టింటివాళ్ళు కూడా ఒక్కోసారి దానికి ఒప్పుకుంటారు - చిన్నపిల్లలున్నారు, వాళ్ళని ఎవరు సాకాలి, పోయిన మనిషి ఎట్లాగూ రాదు కదా అని. ఇద్దరి మధ్యా పెద్దమనుషులు కూర్చుంటే మొదట కుదిరే రాజీ ఈ మాట మీదే.

అయినా ఇది వట్టి అబద్ధమని కొట్టిపారేయలేకుండా ఉన్నాను. తెలుగు ఆడవాళ్ళకి దుఃఖం గుండెలో కంటే కడుపులోనే ఎక్కువ ఉంటుంది. కడుపుకోత, కడుపుమంట, కడుపు తరుక్కుపోవడం, కడుపులో దేవినట్టుండటం. బిడ్డ తప్పు చేస్తే కడుపులో పెట్టుకోవాలి. మొగుడు కొడితే కడుపులో దాచుకోవాలి. ఇన్నీ దాచుకున్నాక ఆ కడుపు విప్పబోతే మన పెద్దలు ఒక సామెతతో నోరు మూస్తారు: కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది. ఇంటి గుట్టు బయటపెడితే సిగ్గుపోయేది నీకే అని దానర్థం. పుట్టినప్పటినుంచీ ఈ సామెత విన్న మనిషి డాక్టరు ముందు కూర్చుని 'నాకు బతకబుద్ధి కావడంలేదు' అంటుందా? 'కడుపులో నొప్పి సారూ' అంటుంది. 'నెత్తి నొప్పి, కాళ్ళు గుంజుతాండాయి, అన్నం సయించదు, నిద్దర పట్టదు' అంటుంది. ఆయన ఒక గ్యాస్ బిళ్ళ, ఒక బలం సూది రాసి పంపిస్తాడు. దిగులు ఒంటి నొప్పుల రూపంలో బయటికొస్తుందని మానసిక వైద్యం ఎప్పటినుంచో చెబుతోంది. మన భాష దాన్ని అంతకుముందే చెప్పింది. మా సీమలో 'మనేద' అనే మాట ఉంది. 'మనేదతో చిక్కి సగమయింది', 'ఆ మనేదతోనే పాయె' అంటారు. డిప్రెషన్ అన్న మాట రాకముందు మనకి మాట లేక కాదు, ఆ మాటని చికిత్స చేయించాల్సిన విషయంగా ఎవరూ వినలేదు.

కొన్నిసార్లు అది నిజంగా కడుపునొప్పే. ఈ సంగతి మర్చిపోతే మనం కూడా ఆమె మాట వినని వాళ్ళలో చేరిపోతాం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ స్త్రీలలో 8.9 శాతం మంది గర్భసంచి తీయించుకున్నవాళ్ళు. దేశం మొత్తం మీద అది 3.2 శాతం. తెల్లబట్ట, బహిష్టు నొప్పి, ఎక్కువ రక్తస్రావం - దేనికైనా ఇరవయ్యెనిమిది, ముప్ఫై ఏళ్ళకే 'తీసేద్దాం' అంటారు. తీసేశాక కూలిపనికి వంగలేని నడుము, వేడి ఆవిర్లు, ఎందుకో తెలియని ఏడుపు. అది అడిగేవాళ్ళుండరు. 'గత కొంతకాలంగా' అని వార్తలో రాసే ఆ రెండు మాటల వెనక ఇంత వైద్య చరిత్ర ఉండొచ్చు. జాతీయ నేర నమోదు సంస్థ 2022 లెక్కల్లో ఆత్మహత్యలకి కారణాలుగా 'కుటుంబ సమస్యలు' 31.7 శాతం, 'అనారోగ్యం' 18.4 శాతం. మన వార్తలోని వివాహిత ఈ రెండో గడిలో పడుతుంది. మొదటి గడిలోంచి రెండో గడిలోకి ఆమెని ఎవరు జరిపారో లెక్క చెప్పదు.

ఈ నాలుగు లైన్లు ఇట్లా రాయడం మనకి ఎవరు నేర్పారు? పత్రికలు సొంతంగా కనిపెట్టిందేమీ కాదు. ఆడదాని చావుని ఎట్లా చదవాలో సాహిత్యం ముందే మనకి నేర్పిపెట్టింది.

గురజాడ 'పూర్ణమ్మ'ని డిగ్రీ పిల్లలకి చాలా ఏళ్ళు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ క్లాసులో కొందరి కళ్ళు తడిసేవి. కన్యాశుల్కం మీద అంత బలమైన దెబ్బ కొట్టిన గేయం ఇంకొకటి లేదు, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఒకసారి వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి అడిగింది: "మేడమ్, ఆ పిల్ల అంతసేపు చెప్పింది గదా, ఒక్కరికి గూడా అర్థం కాలేదా?" అప్పటినుంచీ ఆ గేయాన్ని ఆ ప్రశ్న లేకుండా చదవలేకపోతున్నాను.

ఒకసారి గుర్తు చేసుకోండి. ముసలి మొగుడికి అమ్ముడుపోయిన పిల్ల. తోటి పిల్లలు ఎగతాళి చేస్తుంటే ఏడ్చేది. మొగుడు తీసుకుపోవడానికి వచ్చిన రోజు అన్నల్నీ తమ్ముల్నీ పిలిచి అమ్మానాన్నల్ని చూసుకోమంటుంది. ఇన్నాళ్ళూ తాను చేసిన దుర్గ పూజ ఇకమీదట వాళ్ళని చేయమంటుంది. అందరూ కూర్చుని నవ్వుకునేటప్పుడు తన పేరు తల్చుకోమంటుంది. పుట్టబోయే బిడ్డల్లో ఒకదానికి తన పేరు పెట్టమంటుంది. అత్తారింటికి పోయే పిల్ల ఎవరైనా తన పేరు పెట్టుకోమని చెబుతుందా? పేరు పెట్టుకునేది పోయినవాళ్ళదే కదా. తన పనులు ఒకరికి అప్పగించడం, దగ్గరివాళ్ళ భారం ఇంకొకరికి ఒప్పజెప్పడం, వీడ్కోలు చెప్పడం - ఆత్మహత్యల నివారణలో పనిచేసేవాళ్ళు ఇవాళ శిక్షణలో చెప్పే ముందస్తు సంకేతాలన్నీ ఆ పిల్ల మాటల్లో వరసగా ఉన్నాయి. గురజాడ వాటిని అంత కచ్చితంగా ఎట్లా పట్టుకున్నాడా అని ఆశ్చర్యం వేస్తుంది. ఇంటివాళ్ళు అవి అప్పగింతల కన్నీళ్ళనుకున్నారు. ఆడపిల్ల పెళ్ళిలో ఏడవడం మనకి అంత మామూలైపోయింది కాబట్టి, ఏ ఏడుపు ఏ ఏడుపో ఎవరికీ తెలియదు.

నా పేచీ గేయం చివరతోనే. పూర్ణమ్మ ఇంటికి తిరిగి రాదు. దుర్గలో కలిసిపోతుంది. ఆమె కళ్ళ కాంతి, నడక అందం ప్రకృతిలోకి చేరతాయి. కవి కోపం తండ్రి మీద మొదలై, దేవత దగ్గరికి వచ్చేసరికి కరుణగా కరిగిపోయింది. 'కన్యక' లోనూ అంతే. రాజుని నిలదీసిన పిల్ల నిప్పుల్లోకి నడుస్తుంది, నడిచాక మనం చేతులు జోడిస్తాం. గురజాడనే తప్పుపట్టి లాభం లేదు. ఆయన చేతికి అందిన కథ అట్లాంటిది. వెల్చేరు నారాయణరావు 1986లో తెలుగు జానపద వీరగాథల మీద రాసిన వ్యాసంలో ఒక మంచి తేడా చూపించారు. పల్నాటి కథ, కాటమరాజు కథ లాంటివి యుద్ధ గాథలు - వాటిలో మగవాడు పోరాడి చస్తాడు. కన్యకమ్మ కథ, కామమ్మ కథ, సన్యాసమ్మ కథ త్యాగ గాథలు - వాటిలో స్త్రీ తన ప్రాణం తానే తీసుకుని కులానికి దేవత అవుతుంది. మగవాడు ఎదుటివాణ్ణి చంపి గెలుస్తాడు, ఆడది తనని చంపుకుని గెలుస్తుంది. ఆయన చేసిన విభజన సాహిత్య ప్రక్రియల గురించి. నాకు మాత్రం అది జిల్లా పేజీలోని రెండు కాలాల్లాగే కనబడుతుంది.

త్యాగ గాథ మా దగ్గర పుస్తకాల్లో కంటే నేల మీద ఎక్కువ ఉంది. సీమ పల్లెల్లో ఊరి పొలిమేరలో, బావి గట్టున, వేపచెట్టు కింద ఒక పేరంటాలు రాయి కనబడుతుంది. పసుపు, కుంకుమ, గాజులు, ఏడాదికోసారి చీర. ఆమె ఎవరని అడిగితే కొన్నిచోట్ల మొగుడితో చితి ఎక్కిందంటారు, కొన్నిచోట్ల అత్త ఆరళ్ళు పడలేక పోయిందంటారు, కొన్నిచోట్ల నింద మోయలేక పోయిందంటారు. పోయిన తర్వాత ఎవరి కలలోనో కనిపించి గుడి కట్టమంది. బతికున్నప్పుడు ఇంట్లో ఒక మాట చెల్లని మనిషి చచ్చాక ఊరంతటికీ మాట చెబుతుంది. పిల్లలు లేనివాళ్ళకి పిల్లల్నిస్తుంది, వాన పడకపోతే వాననిస్తుంది. ఆమెని మొక్కడంలో ఊరి అపరాధ భావన కూడా కొంత ఉందని నా నమ్మకం. చేసిన పాపానికి ఏటేటా ఒక చీర పెట్టడం అగ్గువ బేరమే.

గండికోటకి వచ్చే టూరిస్టులకి కూడా ఇట్లాంటి కథే చెబుతారు. పెన్న కోసుకుపోయిన ఎర్రటి లోయ అంచున నిలబడి 'ఇండియా గ్రాండ్ కాన్యన్' అని ఫొటోలు తీసుకుంటారు. మాధవరాయ ఆలయం, జామియా మసీదు, ధాన్యాగారం చూస్తారు. తర్వాత పెమ్మసాని నాయకుల కోట 1650ల మొదట్లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా చేతికి ఎట్లా చిక్కిందో వింటారు. ఆ కథ ఒక్కొక్కరు ఒక్కో తీరుగా చెబుతారు. ఒకరి కథలో తిమ్మానాయుడి చెల్లెలు గోవిందమ్మ కత్తి పట్టి, మొగుణ్ణి చంపినవాడి మీద పగ తీర్చుకుని పోతుంది. ఇంకొకరి కథలో రాణివాసం నిప్పుల్లోకి దూకుతుంది. చరిత్రలో ఏది ఎంతవరకు నిజమో తేల్చడం నా పని కాదు. చెప్పేవాళ్ళ గొంతు ఏ కథ దగ్గర గర్వంగా లేస్తుందో గమనిస్తే చాలు. కోట ఓడిపోయింది, కానీ ఆడవాళ్ళు చచ్చి పరువు నిలబెట్టారు! ఈ గర్వం విని పెరిగిన పిల్ల తన కష్టంలో ఏం గుర్తు చేసుకుంటుంది?

అదే లోయ నీళ్ళని ఆపి కట్టిన గండికోట జలాశయంలో - 26.85 టీఎంసీలు - కొండాపురం మండలంలోని ఊళ్ళు మునిగాయి. 2020లో తాళ్ళప్రొద్దుటూరు ఇళ్ళలోకి నీళ్ళొస్తుంటే జనం రోడ్డు మీద కూర్చున్నారు. అప్పుడు పరిహారం గురించి రాశారు, ఇళ్ళ గురించి రాశారు, అది అవసరమే. ఒక ఊరు పోతే, సాయంత్రం పూట అరుగు మీద కూర్చుని ఒకరి తల ఒకరు దువ్వుకుంటూ చెప్పుకునే మాటలు ఎక్కడికి పోతాయన్నది ఏ ప్యాకేజీలోనూ ఉండదు. పునరావాస కాలనీలో పక్కింటివాళ్ళు మారిపోతారు. మనేదకి మా పల్లెల్లో ఉన్న ఒకే ఒక్క చికిత్స ఆ అరుగే.

ఇక రైతు దగ్గరికి వద్దాం. 1987-88లో ప్రకాశం, గుంటూరు పత్తి రైతులు, 1997-98లో వరంగల్ పత్తి రైతులు, ఆ తర్వాత అనంతపురం వేరుశనగ రైతులు. ఈ చావుల మీద తెలుగులో గొప్ప కథలూ కవితలూ వచ్చాయి. సీమ కథకులు కరువుని రాసినంత లోతుగా ఇంకెవరూ రాయలేదు. అయినా ఆ కథల్లో చాలావాటికి ఒక అలవాటైన ముగింపు ఉంది: మగవాడి శవం, పక్కన గుండెలు బాదుకునే భార్య. అప్పటిదాకా కథలో ఆమె ఒకటి రెండుసార్లు సంగటి వడ్డించి ఉంటుంది, పుస్తెలు తీసి ఇచ్చి ఉంటుంది. కథ అక్కడ అయిపోతుంది కానీ అప్పు అయిపోదు. మరునాడు పొద్దున అప్పులవాడు వచ్చేది ఆమె గడపకే. ఆ మరునాటినుంచి మొదలయ్యే కథ మనవాళ్ళు రాసింది తక్కువ.

2004 జూన్ 1న వచ్చిన జీవో 421 ఈ చావులకి లక్ష రూపాయల పరిహారం, అప్పులు ఒకేసారి తెంపుకోవడానికి 50 వేలు ఇస్తామంది. తర్వాత అది 5 లక్షలకి, 2019లో 7 లక్షలకి పెరిగింది. ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయాధికారి కలిసి విచారించి ఇది 'నిజమైన' రైతు ఆత్మహత్యో కాదో తేలుస్తారు. ఆ విచారణలో పనికొచ్చేవి కాగితాలు: పట్టాదారు పాసుపుస్తకం, అప్పు పత్రాలు, ఎఫ్ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు. తాగుడు వల్ల చనిపోయాడా, పెళ్ళాంతో తగాదా పడి చనిపోయాడా అని ఆమెనే అడుగుతారు. మొగుడు పోయిన పదిరోజులకి తన సంసారం మంచిదని ముగ్గురు ఆఫీసర్ల ముందు రుజువు చేసుకోవాలి. అతనికి అప్పు ఉండి, దిగులు కూడా ఉంటే? ఫారంలో రెండింటికీ కలిపి చోటు లేదు. మానసిక బాధ అని ఒప్పుకుంటే పరిహారం పోతుంది. అందుకే ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు, చూస్తూ పెరిగిన కొడుకూ ఎత్తడు.

మరి ఆమె చనిపోతే? 2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న 1,70,924 మందిలో 'రైతులు' 5,207. వాళ్ళలో స్త్రీలు 208 మంది మాత్రమే. అదే ఏడు 'గృహిణులు' 25,309 మంది. విత్తనం వేసేది, కలుపు తీసేది, కాయలు ఒలిచేది, పాడి చూసేది ఎవరో సీమలో ఎవర్నడిగినా చెబుతారు. ఆ 25 వేల మందిలో ఎంతమంది పొద్దుగూకేదాకా చేలో ఉన్నవాళ్ళో ఆ పట్టిక చెప్పదు, ఎందుకంటే పాసుపుస్తకం మీద ఆమె పేరు లేదు. ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చే సవరణ మన రాష్ట్రంలో దేశం కంటే ఇరవై ఏళ్ళ ముందు, 1985 నుంచే అమలులో ఉంది. పుట్టింటి నుంచి వాటా అడిగి తెచ్చుకున్న ఆడపడుచులు ఎంతమందో మన మన ఊళ్ళలో లెక్కపెట్టుకోవచ్చు, వేళ్ళు మిగులుతాయి. భూమి లేదు కాబట్టి రైతు కాదు, రైతు కాదు కాబట్టి అప్పు లేదు, అప్పు లేదు కాబట్టి కడుపునొప్పి.

ఒక్కసారి మాత్రం ఈ గొలుసు తెగింది. 2010లో మైక్రోఫైనాన్స్ కంపెనీల వేధింపులతో స్త్రీలు చనిపోయినప్పుడు పత్రికలు మొదటిసారి ఆడదాని చావు పక్కన అప్పు మొత్తం రాశాయి, వారం వాయిదా రాశాయి. ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. కారణానికి సరైన పేరు పెడితే ఒక చట్టం కదులుతుందని అప్పుడు చూశాం. ఆమె పేరు మీద ఒక కాగితం - అప్పు కాగితమే అయినా - ఉంది కాబట్టే ఆ చావు కనబడింది.

ఇక్కడ మనలో మనం మాట్లాడుకోవాల్సిన మాట ఒకటుంది. 1980ల్లో వరకట్న చావుల మీద స్త్రీల సంఘాలు రోడ్డెక్కినప్పుడు మన మొదటి నినాదమే 'ఇవి ఆత్మహత్యలు కావు, హత్యలు' అని. ఆ నినాదం సరైనదే. 'ఆమెకి మతిస్థిమితం లేదు' అన్నది అత్తింటివాళ్ళ లాయరు వాదన అయిన కాలంలో, మానసిక ఆరోగ్యం అన్న మాటనే మనం అనుమానంగా చూశాం. స్త్రీ బాధ ఆమె మెదడులో లేదు, ఇంట్లో ఉంది అన్నాం. స్త్రీ శక్తి సంఘటన తెచ్చిన 'సవాలక్ష సందేహాలు' మన శరీరాల గురించి సిగ్గుపడకుండా మాట్లాడుకోవడం నేర్పింది. మనసు గురించి మాట్లాడుకోవడం దగ్గర మాత్రం మనం చాలాకాలం తటపటాయించాం. 1999లో భార్గవి దావర్ 'మెంటల్ హెల్త్ ఆఫ్ ఇండియన్ విమెన్' రాసినప్పుడు ఈ చిక్కునే పట్టుకున్నారు - పిచ్చిదన్న ముద్రని ఎదిరిస్తూనే బాధకి చికిత్స అడిగే హక్కు స్త్రీకి ఉండాలని. ఆ పుస్తకం మీద తెలుగులో జరగాల్సినంత చర్చ జరగలేదు.

ఇల్లు మారాలి, నిజమే. కానీ ఇల్లు మారేదాకా ఈ రాత్రి ఆమె బతకాలి కదా! మొగుడు కొట్టేవాడైనా, ఆమెకి పట్టిన దిగులు దిగులే. దానికి మందు ఉంటుంది, మాట ఉంటుంది. మందు వేసుకున్నంత మాత్రాన మొగుడు మంచివాడని సర్టిఫికెట్ ఇచ్చినట్టు కాదు. నిద్రపట్టి, అన్నం సయించి, తల తేటపడిన మనిషే విడిపోవాలో, కేసు పెట్టాలో, పుట్టింట్లో వాటా అడగాలో ఆలోచించగలుగుతుంది. ఈ రెండింటినీ ఒకదానికొకటి పోటీగా నిలబెట్టడం వల్ల నష్టపోయింది ఆమే.

'మందు' అన్నాను. ఈ మాట తెలుగులో ఎంత విచిత్రమైందో. రోగం తగ్గించేది మందు, పురుగుల్ని చంపేది మందు, మొగుడు సాయంత్రం తాగొచ్చేది మందు. ఒకే ఇంట్లో మూడూ ఉంటాయి. మొదటిది కొనడానికి డబ్బుండదు. రెండోది అరువు మీద కూడా దొరుకుతుంది.

పత్రికలకి ఇష్టమైన ఇంకో మాట 'క్షణికావేశం'. దీన్ని తిట్టుగా వాడతారు - కాస్త ఓపిక పట్టలేకపోయింది అన్నట్టు. నిజానికి ఆ మాటలో బతుకుని నిలబెట్టే సంగతి ఉంది. ఆవేశం క్షణికమైతే, ఆ క్షణం దాటితే మనిషి బతుకుతుందన్నమాట. శ్రీలంక ఇది చేసి చూపించింది. అత్యంత విషపూరితమైన పురుగుమందుల్ని ఒకటొకటిగా నిషేధించాక, 1995 తర్వాత ఇరవై ఏళ్ళలో అక్కడ ఆత్మహత్యల రేటు 70 శాతం దాకా పడిపోయింది. ఆ ఇరవై ఏళ్ళలో అక్కడి అత్తలు మారలేదు, అప్పులు తీరలేదు, యుద్ధం కూడా చాలాకాలం జరుగుతూనే ఉంది. చేతికందే విషం ఒక్కటే తగ్గింది. చెన్నైలో 1986లో 'స్నేహ' సంస్థ పెట్టిన డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ తమిళనాడు పల్లెల్లో పురుగుమందుల్ని ఇళ్ళలో కాకుండా ఊరుమ్మడిగా ఒక గదిలో తాళం వేసి ఉంచే పద్ధతిని ప్రయత్నించి చూశారు. మా ఊళ్ళలో పాలకేంద్రానికి గది ఉంది, పొదుపు సంఘానికి గది ఉంది. ఇంకో గది కట్టలేనంత కష్టమా?

ఏటా సెప్టెంబర్ 10న కాలేజీ పిల్లలతో ర్యాలీ తీయిస్తారు. 'ఆత్మహత్య పిరికి చర్య', 'ఆత్మహత్య మహాపాపం' అని ప్లకార్డులు. మంచి ఉద్దేశమే, కానీ ఆ ప్లకార్డు పట్టుకున్న యాభైమందిలో ఒక పిల్లకి రాత్రిళ్ళు ఆ ఆలోచన వస్తూ ఉంటుంది. నువ్వు పిరికిదానివి, పాపివి అని ఆమె చేతే మోయించాం. ఆ పిల్ల ఇక ఎవరికి చెబుతుంది? నేరం అన్న మాట చట్టం కూడా వదిలేసింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ అట్లాంటి ప్రయత్నం చేసిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్న మనిషిగా చూడాలని, శిక్షించకూడదని, చికిత్స, పునరావాసం ప్రభుత్వ బాధ్యత అని చెప్పింది. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన న్యాయ సంహితలో పాత 309 సెక్షన్ లేదు. అయినా కేసవుతుందన్న భయంతో ఆసుపత్రిలో 'పొరపాటున తాగింది' అని చెప్పించే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. పొరపాటున అని రాశాక ఆమెని మానసిక వైద్యుడి దగ్గరికి పంపే పని ఉండదు. కడుపు కడిగి ఇంటికి పంపిస్తారు, అదే ఇంటికి.

2019లో ప్రెస్ కౌన్సిల్ కూడా మార్గదర్శకాలు ఇచ్చింది - పద్ధతిని వర్ణించకండి, సంచలనం చేయకండి అని. మన జిల్లా పేజీల్లో అది అమలైతే ఆ నాలుగు లైన్లు ఎట్లా ఉంటాయో నేనూ నా విద్యార్థులూ కూర్చుని రాసి చూశాం. 'వివాహిత' బదులు ఆమె చేసే పని రాశాం. 'పాల్పడింది' తీసేసి 'చనిపోయింది' అని రాశాం. కడుపునొప్పికి ఏ చికిత్స జరిగిందో, ఎవరూ చూపించలేదో అడిగాం. 'భర్త చెప్పిన ప్రకారం' అన్నదాని పక్కన 'తల్లి చెప్పిన ప్రకారం' అని చేర్చాం. చివర, ఇట్లాంటి ఆలోచనలు వస్తున్నవాళ్ళు ఏ వేళలోనైనా డబ్బు ఖర్చు లేకుండా తెలుగులో మాట్లాడటానికి టెలి-మానస్ 14416 ఉందని రాశాం. ఆరు లైన్లయింది. రెండు లైన్లు ఎక్కువ, అంతే.

ఫోన్ నంబరు ఉన్నంత మాత్రాన ఫోన్ ఆమె చేతిలో ఉండదని నాకు తెలుసు. ఉన్నా, మాట్లాడేటప్పుడు పక్కన అత్త ఉంటుంది. అందుకే ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, పొదుపు సంఘం లీడరు - వీళ్ళకి ముందు నేర్పాల్సింది అడగడం. 'చచ్చిపోవాలనిపిస్తోందా' అని నేరుగా అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందని మనవాళ్ళ భయం. అట్లా ఏమీ కాదని, అడగడమే చాలామందికి ఊపిరి తిరిగినట్టుంటుందని ఈ పని చేస్తున్నవాళ్ళంతా చెబుతున్నారు. కానీ ఆ ప్రశ్న పుస్తకాల తెలుగులో అడిగితే మా వైపు ఎవరూ జవాబు చెప్పరు. 'మీకు ఆత్మహత్య ఆలోచనలు కలుగుతున్నాయా' అంటే తల అడ్డంగా ఊపుతారు. మాకు మా ప్రశ్న ఉంది. మొన్న ఒక శిక్షణలో ఆశా కార్యకర్తల చేత అభినయం చేయిస్తే, ముద్దనూరు వైపు నుంచి వచ్చిన ఒకామె కడుపునొప్పి అన్న మనిషి పక్కన కింద కూర్చుని, చెయ్యి పట్టుకుని ఇట్లా అడిగింది: "అది సరేలే గానీ మ్మే, ఈ మధ్య బతకాల్నని ఉందా, లేదా? నాకు చెప్పు, నేనెవరికీ చెప్పన్లే. ఇద్దరం కలిసి పోదాం ఆస్పత్రికి."

నొప్పి ఉన్నట్టు నటిస్తున్న ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.